లెక్కకూ ఒక దేహం

డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు ఒక పెద్ద వీడియో రెండరింగ్ అప్పగిస్తే ప్రాసెసర్ ఉష్ణోగ్రత నిమిషం తిరక్కముందే 90 డిగ్రీల సెల్సియస్ దాటవచ్చు. తెర మీద ఆ అంకె చూసినవారు కంగారుపడి దుమ్ము దులుపుతారు, ఫ్యాను మారుస్తారు, థర్మల్ పేస్ట్ కొత్తగా పూస్తారు. కొన్నిసార్లు అది అవసరం కూడా. అయితే ఆ వేడి వెనక మరమ్మతుతో తీరని ప్రశ్న ఒకటుంది. ప్రాసెసర్ చేసేది కూడిక, తీసివేత, పోలిక. ఒక అంకెను ఇక్కడి నుంచి తీసి అక్కడ పెట్టడం. అది బరువెత్తదు, చక్రం తిప్పదు, నీళ్ళు తోడదు. లెక్క మనసులో జరిగే పని అనీ, మనసుకు బరువూ వేడీ ఉండవనీ చాలామంది నమ్మకం. మరి లెక్కలు తప్ప ఇంకేమీ చేయని వస్తువు ఎందుకింత కాగుతోంది? ఈ ప్రశ్నకు సగం జవాబు ఇంజనీర్ల దగ్గర ఉంది, మిగతా సగం దార్శనికుల దగ్గర ఉంది. లెక్కించడం, గుర్తుంచుకోవడం, నిర్ణయించడం అనే మూడు పనులూ దేహధర్మాలేననీ, వీటిని ఆత్మ ఉనికికి రుజువులుగా చూపడం పొరపాటనీ నా అభిప్రాయం. బుద్ధిని ప్రకృతి (జడపదార్థం) వైపు చేర్చిన సాంఖ్య దర్శనకారుల విభజనకు ఆ కాగుతున్న సిలికాన్ ముక్క బలమైన సాక్ష్యం.

ముందు వేడికీ ఉష్ణోగ్రతకూ ఉన్న తేడా చూడాలి. కంగారంతా ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్లనే పుడుతుంది. ప్రాసెసర్ తీసుకునే కరెంటంతా చివరికి వేడిగానే బయటికి వస్తుంది. 250 వాట్లు తీసుకునే చిప్, అదే 250 వాట్ల గది హీటరూ గదిని సమానంగా వేడెక్కిస్తాయి. ఒకదానిలో కోట్లకొద్దీ లెక్కలు జరిగాయి, రెండోదానిలో జరగలేదు అన్న తేడా గదిలోని గాలికి తెలియదు. ఇంటెల్ ఐ9-13900కె ప్రాసెసర్‌కు పైహద్దు 253 వాట్లు, ఏఎండీ రైజెన్ 9 7950ఎక్స్‌కు 230 వాట్లు. ఇంటెల్ చిప్‌లో ఈ వేడి పుట్టే సిలికాన్ ముక్క వైశాల్యం దాదాపు రెండున్నర చదరపు సెంటీమీటర్లే. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు వంద వాట్లు. 18 సెంటీమీటర్ల వెడల్పున్న కరెంటు పొయ్యి పళ్ళెం 1500 వాట్లతో ఎర్రబడినప్పుడు కూడా చదరపు సెంటీమీటరుకు ఆరు వాట్లు మించదు. అంత ఇరుకు చోటులోంచి వేడి మూతలోకి, పేస్టులోకి, రాగిలోకి, రెక్కల్లోకి, చివరికి గాలిలోకి పోవాలి. దారిలో ప్రతి పొరా కొంత అడ్డుపడుతుంది. ఆ అడ్డంతా కలిపి వాటుకు పావు డిగ్రీ అనుకుంటే, 250 వాట్లు బయటికి పోవడానికి చిప్ గది కన్నా 62 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండక తప్పదు. గది 25 డిగ్రీలైతే చిప్ 87 దగ్గర నిలుస్తుంది. మే నెల రామగుండంలో గది 40 డిగ్రీలుంటే అదే చిప్ 102కు చేరాలి; కానీ దానికి 100 డిగ్రీల హద్దు ఉంది కాబట్టి తన వేగం తనే తగ్గించుకుంటుంది. 7950ఎక్స్ 2022లో వచ్చినప్పుడు, భారీ పనిలో 95 డిగ్రీల దగ్గర నడవడం ఆ చిప్‌కు మామూలేనని తయారీదారులే చెప్పారు. ఆ హద్దు తగిలేదాకా వేగం పెంచుకుంటూ పోయేలా దాన్ని రూపొందించారు. కాబట్టి ఉష్ణోగ్రత చెప్పేది వేడి పోయే దారి గురించి, గది గురించి, తయారీదారు పెట్టిన హద్దు గురించి. చేసిన పనికి లెక్క చెప్పేది వేడి. అదే వేగంతో నడిచే చిప్‌కు పెద్ద కూలర్ బిగిస్తే ఉష్ణోగ్రత బాగా తగ్గుతుంది, వేడి మాత్రం దాదాపు అంతే ఉంటుంది. మన ప్రశ్న ఈ వేడి గురించే.

చిప్‌లో 1 అంటే ఒక అతి సన్నని తీగ మీద నిలిచిన విద్యుదావేశం. 0 అంటే ఆ ఆవేశం గ్రౌండ్‌కు పోయిన స్థితి. 1ని 0 చేసిన ప్రతిసారీ ఆ తీగ మీద దాచిన శక్తి వేడిగా పారిపోతుంది. మళ్ళీ 1 కావాలంటే కొత్తగా నింపాలి. సెకనుకు ఐదు వందల కోట్ల తాళాలకు నడిచే క్లాకు కింద, వందల కోట్ల ట్రాన్సిస్టర్లలో కొంత భాగం ఎప్పుడూ ఇలా నిండుతూ ఒలుకుతూ ఉంటుంది. ఈ ఖర్చు వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది: వోల్టేజి పది శాతం తగ్గిస్తే ఈ వేడి పంతొమ్మిది శాతం తగ్గుతుంది. అలాంటప్పుడు వోల్టేజిని ఇంకా, ఇంకా ఎందుకు తగ్గించకూడదు? ఇక్కడే విషయం దర్శనశాస్త్రం వైపు తిరుగుతుంది. పదార్థంలో అణువులు ఎప్పుడూ వణుకుతూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ వణుకును వోల్టేజిగా కొలిస్తే సుమారు 26 మిల్లీవోల్టులు. ఒక సంకేతం ఆ స్థాయికి దిగితే 1 తనంతట తానే 0గా మారిపోవచ్చు, ఎవరూ చెప్పకుండానే. 1 అన్నది 1గానే నిలవాలంటే ఆ వణుకుకు చాలా ఎత్తున నిలబెట్టాలి; అందుకే చిప్‌లు ఒక వోల్టు దగ్గర, కొన్నిసార్లు అంతకన్నా పైన నడుస్తాయి. ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్ 1974లో చూపిన సూత్రం ప్రకారం ట్రాన్సిస్టర్ చిన్నదవుతున్నకొద్దీ వోల్టేజి కూడా తగ్గుతూ, వైశాల్యానికి పుట్టే వేడి పెరగకుండా ఉండేది. 2005 ప్రాంతానికి ఆ వెసులుబాటు ముగిసింది. వోల్టేజిని అంతకు మించి దించితే ఆపిన ట్రాన్సిస్టర్ కూడా కరెంటు కార్చడం మొదలుపెట్టింది. నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం 4ను ఇంటెల్ 2004లో రద్దు చేసుకుంది. ఆ తర్వాతే ఒక చిప్‌లో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టే దారి స్థిరపడింది. ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటే: ప్రాసెసర్ వేడిలో పెద్ద భాగం నిశ్చయం కోసం పెట్టే ఖర్చు. 'ఇది ఇదే, అది కాదు' అని తేల్చి, తేల్చినదాన్ని నిలబెట్టడానికి పదార్థం శక్తి చెల్లిస్తోంది.

ఇది ఇంజనీర్ల చేతకానితనమేననీ, రేపు మంచి చిప్ వస్తే వేడి ఉండదనీ అనవచ్చు. ఆ అనుమానానికి తొలి జవాబు 1961లో వచ్చింది. ఐబీఎంలో పనిచేసిన రోల్ఫ్ లాండవర్ అడిగిన ప్రశ్న ఇది: లెక్కలో ఏ అడుగు దగ్గర వేడి తప్పనిసరి? రెండు సంకేతాలు లోపలికి వెళ్ళి ఒకటే బయటికి వచ్చే గేటు ఉందనుకుందాం. రెండూ 1 అయితేనే అది 1 ఇస్తుంది. జవాబు 0 వస్తే లోపలికి వెళ్ళినవి ఏవో చెప్పలేం, మూడు అవకాశాలున్నాయి. ఆ సమాచారం పోయింది. భౌతికశాస్త్రంలో ఏదీ ఊరికే పోదు. ఆ తేడా చుట్టుపక్కల అణువుల వణుకులోకి, అంటే వేడిలోకి వెళ్ళాలి. ఒక్క బిట్టును చెరిపితే గది ఉష్ణోగ్రత దగ్గర కనీసం 2.9×10⁻²¹ జౌళ్ళ వేడి పుట్టి తీరాలని ఆయన చూపాడు. 2012లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో, రెండు మైక్రాన్ల గాజు పూసను లేజర్ కాంతితో చేసిన రెండు గుంటల మధ్య కదిలించి, ఆ 'జ్ఞాపకాన్ని' చెరిపినప్పుడు వచ్చే వేడిని కొలిచారు. ఎంత నెమ్మదిగా చెరిపినా వేడి ఆ హద్దు దగ్గరే ఆగింది. ఇవాళ్టి చిప్‌లు ఈ కనిష్ఠానికి వేల రెట్లు పైనే ఖర్చు చేస్తున్నాయి కాబట్టి మనం చూసే 95 డిగ్రీలకు లాండవర్ సూత్రం నేరుగా కారణం కాదు. ఆ సంగతి దాచకూడదు. కానీ చేతకానితనమంతా తీసేసినా మిగిలేది ఒకటుందనీ, అది చెరపడానికి పడే ధర అనీ తేలింది. 1867లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఊహించిన భూతం కథ కూడా ఇక్కడే ముగిసింది. వేగంగా పోయే అణువులను ఒక వైపుకూ నెమ్మదిగా పోయేవాటిని మరో వైపుకూ వేరుచేస్తూ, ఖర్చు లేకుండా చల్లదనం పుట్టించగల తెలివైన జీవి అది. ఆ జీవి చూసినదల్లా గుర్తుపెట్టుకోవాలి, ఏదో ఒకరోజు ఆ గుర్తులు చెరపాలి, చెరిపినప్పుడు అప్పు తీరుతుంది అని 1982లో భౌతికశాస్త్రవేత్త చార్లెస్ బెన్నెట్ వివరించాడు. తెలివికి దేహం అక్కర్లేదన్న భ్రమ వల్లే అంతకాలం ఆ భూతం బతికింది.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం అదే బెన్నెట్ 1973లో చేసిన పని నుంచి వస్తుంది. లెక్కలో మధ్యమధ్య వచ్చే ఫలితాలన్నీ చెరపకుండా దాచుకుని, జవాబును నకలు తీసుకుని, తర్వాత లెక్కను వెనక్కి నడిపిస్తే అన్నీ మొదటి స్థితికి వస్తాయి. చెరిపింది ఏమీ ఉండదు. అలాంటి యంత్రంలో వేడిని ఎంత కావాలంటే అంత తగ్గించవచ్చని ఆయన నిరూపించాడు. అయితే లెక్కకు వేడి తప్పనిసరి కాదుగా? నిజమే, సిద్ధాంతరీత్యా కాదు. నా వాదం 'వేడి లేనిదే లెక్క లేదు' అన్నదైతే ఇక్కడ కూలిపోయేది. కానీ బెన్నెట్ యంత్రం కూడా ఒక యంత్రమే. దానిలో ప్రతి అంకెకూ ఒక చోటు కావాలి, ప్రతి అడుగుకూ ఒక కదలిక కావాలి. వేడి తగ్గాలంటే వేగం తగ్గాలి, చోటు పెరగాలి. వేడి సున్నాకు చేరాలంటే కాలం అనంతం కావాలి. పరిమితమైన చోటులో, పరిమితమైన ఆయుష్షులో, నమ్మదగిన జవాబు కావాలనుకునే ఏ వస్తువైనా ఎంతో కొంత చెల్లించుకుంటుంది. వేడి దేహానికి గుర్తు. గుర్తు పలచబడినంత మాత్రాన దేహం లేకుండా పోదు.

మరొకరు గణితాన్ని చూపించి అడ్డుకుంటారు. 17 ప్రధాన సంఖ్య కావడానికి ఏ చిప్పూ కాగనక్కర్లేదు. భూమి పుట్టకముందూ అది ప్రధాన సంఖ్యే. సత్యం కాలాతీతమైతే దాన్ని పట్టుకునే బుద్ధి కూడా పదార్థానికి అతీతమే కావాలి కదా, అని ఆ వాదం. దీనికి కంప్యూటర్ల లోకంలోనే చక్కని సమాధానం ఉంది. ప్రాసెసర్‌ను ఎంత కాగబెట్టవచ్చో పరీక్షించడానికి డెస్క్‌టాప్ కట్టుకునేవారు వాడే ప్రసిద్ధ ప్రోగ్రాము ప్రైమ్95. దాని అసలు పని పెద్దపెద్ద ప్రధాన సంఖ్యలను వెతకడం. 1996లో మొదలైన మెర్సెన్ ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం రాసినది అది. కాలంతో సంబంధం లేని సత్యాలను వెతికే పనే ప్రాసెసర్‌ను అన్నిటికన్నా తీవ్రంగా వేడెక్కించే పనుల్లో ఒకటి కావడం గమనించదగ్గది. 2018 డిసెంబరులో ఆ అన్వేషణలో దొరికిన సంఖ్యలో 2,48,62,048 అంకెలున్నాయి. ఒక మామూలు ఐ5-4590టి ప్రాసెసర్ పన్నెండు రోజులు ఆగకుండా నడిచి దాన్ని తేల్చింది. ఆ ప్రాసెసర్ హద్దు 35 వాట్లు. అంతా వాడుకుందనుకున్నా ఒక్క చిప్ ఖర్చు పది యూనిట్ల కరెంటు. ఆ సంఖ్య ఎప్పటి నుంచో ప్రధాన సంఖ్యే, కానీ 'ఇది ప్రధాన సంఖ్య' అన్న తెలివిడి పది యూనిట్ల వేడితో పుట్టింది. సత్యం నిత్యం కావచ్చు, దాన్ని తెలుసుకోవడం ఒక సంఘటన. సంఘటనకు చోటూ కాలమూ ఖర్చూ ఉంటాయి. అంతేకాదు, చిప్ మోతాదు మించి కాగినా, వోల్టేజి చాలకపోయినా ప్రైమ్95 తప్పు జవాబు ఇవ్వవచ్చు. తెలిసిన జవాబులతో పోల్చి ఆ తప్పును పట్టుకోవడమే దాని పరీక్ష. నిత్యసత్యానికి చేరే దారి ఒక దేహం ఆరోగ్యం మీద ఆధారపడి ఉంది.

ఈ మాట మనకు కొత్త కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలో ఉద్దాలక ఆరుణి తన కొడుకు శ్వేతకేతుకు మనసు అన్నమయమని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, పరీక్ష పెట్టాడు. పదిహేను రోజులు అన్నం ముట్టవద్దు, నీళ్ళు మాత్రం కావలసినన్ని తాగు అన్నాడు. పన్నెండేళ్ళు గురుకులంలో వేదాలు చదివి వచ్చిన శ్వేతకేతుకు పదహారో రోజున ఒక్క మంత్రమూ గుర్తుకు రాలేదు. పెద్ద మంటలో మిణుగురంత నిప్పురవ్వ మిగిలితే అది దేన్నీ కాల్చలేదని తండ్రి వివరించాడు. అన్నం తిని వచ్చాక అడిగినవన్నీ చెప్పగలిగాడు. తత్త్వచర్చల చరిత్రలో ఇంత చక్కని ప్రయోగం అరుదు. వేదాలు నిత్యమన్న నమ్మకం లోపలే నిలబడి, వాటిని గుర్తుపెట్టుకునే శక్తి అన్నం మీద ఆధారపడిందని ఒక ఋషి కొడుకు మీద పరీక్షించి చూపాడు. ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక దీన్ని సిద్ధాంతంగా కట్టింది. బుద్ధి, అహంకారం, మనస్సు, ఇంద్రియాలు అన్నీ ప్రకృతి పరిణామాలే. బుద్ధి లక్షణం నిశ్చయం. జ్ఞానం, ధర్మం, వైరాగ్యం కూడా బుద్ధి ధర్మాలే. చైతన్యమైన పురుషుడు ఏ పనీ చేయడు, చూస్తాడు. న్యాయదర్శనం వారైన నైయాయికులు జ్ఞానాన్ని ఆత్మకు గుణమన్నారు, కానీ మనస్సుతో కలిస్తే తప్ప ఆ గుణం పుట్టదనీ, మోక్షంలో అది ఉండదనీ వాళ్ళూ ఒప్పుకున్నారు. ఫ్రెంచి తాత్త్వికుడు డేకార్ట్ 1641లో ఆలోచనను దేహం నుంచి పూర్తిగా వేరుచేసినప్పుడు ఈ కలయిక సమస్యే ఆయనకు ఎదురైంది. చోటు లేని ఆత్మ దేహాన్ని ఎలా కదిలిస్తుందని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఉత్తరం రాసి అడిగితే ఆయన తృప్తికరంగా చెప్పలేకపోయాడు. సాంఖ్యులకు ఆ ఇబ్బంది లేదు. కదిలేదీ కదిలించేదీ రెండూ వాళ్ళకు ప్రకృతిలోవే.

అయితే లాండవర్ సూత్రం సాంఖ్యులకు ముందే తెలుసనడానికి ఇది ఆధారం కాదు. అలా అంటే ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. సాంఖ్యంలో సృష్టి క్రమం భౌతికశాస్త్రానికి తలకిందులుగా ఉంటుంది: బుద్ధి మొదట పుడుతుంది, పంచభూతాలు చివర. వాళ్ళ సూక్ష్మప్రకృతికీ సిలికాన్‌కూ సమీకరణం రాయలేం. నేను తీసుకుంటున్నది వాళ్ళు గీసిన గీతను మాత్రమే. తెలివి, జ్ఞాపకం, నిర్ణయం ఒక పక్క. చూసే చైతన్యం మరో పక్క. బుద్ధి ఎక్కువున్నచోట ఆత్మ ఎక్కువుందని వాళ్ళు అనలేదు. ఆ గీత సరైన చోట ఉందా అన్నదే ప్రశ్న. లెక్కలు చేసే వస్తువును చేతులతో తయారుచేసి, అది కరెంటు తాగి వేడి కక్కడం కొలవగలిగిన ఈ కాలంలో దానికి గట్టి జవాబు దొరికింది.

మెదడు చిప్ కాదు కదా అని అడగవచ్చు. కాదు. కష్టమైన లెక్క ఇచ్చినప్పుడు ప్రాసెసర్ ఇరవై వాట్ల నుంచి రెండు వందలకు ఎగబాకుతుంది; మెదడు మాత్రం మేలుకుని ఊరికే కూర్చున్నప్పుడూ పరీక్ష హాల్లోనూ దాదాపు ఒకే తీరున ఖర్చు చేస్తుంది, పని పెరిగితే వచ్చే తేడా కొద్ది శాతమే. కాబట్టి గట్టిగా ఆలోచిస్తే తల కాగుతుందన్న మాటను అక్షరాలా తీసుకోకూడదు. కానీ శరీర బరువులో రెండు శాతం ఉన్న అవయవం శరీరశక్తిలో ఐదో వంతు, సుమారు ఇరవై వాట్లు, ఎందుకు తింటోంది? నరకణాల పొర రెండు వైపులా సోడియం, పొటాషియం అయాన్ల తేడాను నిలబెట్టడానికే అందులో పెద్ద భాగం పోతుంది. ఆ తేడా లేకపోతే సంకేతమే పుట్టదు. నిశ్చయానికి కావలసిన ఎత్తును చిప్ వోల్టేజితో నిలబెడితే మెదడు అయాన్లతో నిలబెడుతోంది. రెంటి పద్ధతీ వేరు, నేర్పూ వేరు. చెల్లింపు మాత్రం రెండు చోట్లా ఉంది. మెదడును కంప్యూటర్‌గా భావించకుండానే ఈ మాట అనవచ్చు.

ఇక నా వాదానికి అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఒప్పు లెక్కకూ తప్పు లెక్కకూ వేడి ఒకటే. రెండూ రెండూ ఐదని చెప్పే ప్రోగ్రాము నాలుగని చెప్పే ప్రోగ్రాముకన్నా ఎక్కువ కాగదు, తక్కువ కాగదు. ఒక ప్రేమలేఖను టైపు చేయడానికీ అర్థంలేని అక్షరాలు కొట్టడానికీ వేడిలో తేడా కనబడదు. కాబట్టి వేడి చూసి అర్థం గురించి ఏమీ చెప్పలేం. లెక్క అనేది ఆ వోల్టేజి మార్పులకు మనం తగిలించిన పేరు తప్ప చిప్‌లో ఉన్న వస్తువు కాదని అమెరికన్ తాత్త్వికుడు జాన్ సెర్ల్ వాదించాడు. జర్మన్ తాత్త్వికుడు లైబ్నిట్స్ 1714లోనే ఇలాంటి మాట అన్నాడు: ఆలోచించే యంత్రాన్ని మిల్లు అంత పెద్దదిగా చేసి లోపలికి వెళ్ళి చూస్తే ఒకదాన్నొకటి నెట్టే భాగాలే కనిపిస్తాయి, తెలియడం అన్నది ఎక్కడా కనిపించదు. స్వయంగా గణనయంత్రం తయారుచేసినవాడు కాబట్టి ఆయన మాటకు బరువుంది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక అది నా వాదాన్ని బలపరుస్తుంది. చిప్ లోపల సర్వమూ జడమే, అయినా లెక్క సరిగ్గా వస్తోంది. అంటే లెక్క సరిగ్గా రావడానికి చైతన్యం అవసరం లేదు. నేర్పు ఒకటి, తెలియడం ఇంకొకటి. భాగాలతో కూర్చినదంతా ఇంకొకరి కోసమే ఉంటుందని సాంఖ్యులు పురుషుడి ఉనికికి ఒక హేతువు చూపారు. వోల్టేజికి 'ఐదు' అన్న అర్థం ఎవరికి అన్న ప్రశ్న ఆ హేతువుకు దగ్గరగానే ఉంది. అది పురుషుణ్ణి నిరూపిస్తుందని మాత్రం అనను. ఇంకొకరి కోసం అనగానే ఆ ఇంకొకరు నిత్యులనీ నిష్క్రియులనీ తేలిపోదు. ఆకలీ భయమూ ఉన్న మరో దేహం కూడా ఆ ఇంకొకరు కావచ్చు.

ఇక్కడ భౌతికవాది అయిన చార్వాకుడు ముందుకొస్తాడు. బుద్ధి పదార్థమే అన్నావు, మిగిలినదీ పదార్థమే అనడానికి అభ్యంతరమేమిటి అంటాడు. విడివిడిగా మత్తులేని దినుసులు కలిసి పులిస్తే మత్తు పుట్టినట్టు భూతాల కలయికలో చైతన్యం పుడుతుందన్నది అతని పాత వాదం. ఇది కొట్టిపారేసే వాదం కాదు. కానీ చిప్ వేడి దానికి రుజువు కాదు. చిప్‌లో మనం చూసింది జడపదార్థం తెలివైన పనులు చేయగలదని మాత్రమే, ఆ పదార్థానికి ఏదైనా తెలుస్తోందని కాదు. రెండోది చూపాలంటే వేరే ఆధారం కావాలి. ఆస్తికుడికీ ఇదే షరతు. జ్ఞాపకశక్తిని, అవధానులు చూపే ధారణను, గణితప్రతిభను ఆత్మ మహిమగా కొనియాడే ఉపన్యాసాలు మన సభల్లో ఎన్నో వింటాం. అవన్నీ ఉద్దాలకుడు కొడుక్కి అన్నం మాన్పించి చూపించిన వైపునే ఉన్నాయి. ఆ అధ్యాయంలోనే అదే తండ్రి, అదే కొడుక్కి 'అది నువ్వే' అన్న బోధ కూడా చేశాడు. మనసు అన్నమయమని తేల్చినవాడు ఆత్మను కాదనలేదు, దాన్ని జ్ఞాపకశక్తిలో వెతకలేదు.

ఈ గీత ఎక్కడుందో తెలియకపోతే ఇవాళ జరిగే నష్టం చిన్నది కాదు. కవిత్వం రాసి, వాదించి, ఓదార్చే ప్రోగ్రాములు వచ్చాయి. బుద్ధినే ఆత్మగా భావించినవారు వాటి ముందు రెండే దారులున్నాయని అనుకుంటున్నారు: యంత్రానికి మొక్కడం, లేదా మనిషి విలువ పోయిందని కుంగిపోవడం. గీత తెలిసినవారికి రెండూ అక్కర్లేదు. యంత్రం నేర్పును నేర్పుగా మెచ్చుకోవచ్చు, దానికి తెలుస్తోందా అన్న ప్రశ్నను విడిగా, నిజాయితీగా అడగవచ్చు. ఖర్చు విషయంలోనూ కళ్ళు తెరుచుకుంటాయి. లెక్కకు దేహముంటే ఆ దేహానికి తిండి ఎక్కడిదో చూడాలి. సింగరేణి బొగ్గు రామగుండంలో మండినప్పుడు ఆ వేడిలో కరెంటుగా మారేది మూడో వంతుకు కాస్త పైన మాత్రమే. కరీంనగర్‌లో ఒక ఇంట్లో చిప్ 250 వాట్లు కాగాలంటే బొయిలరులో దాదాపు 700 వాట్ల వేడి పుట్టాలి. హైదరాబాద్ చుట్టూ ఉన్న డేటా సెంటర్లకూ, విశాఖపట్నంలో రాబోతున్నవాటికీ కరెంటుతో పాటు వేడిని మోసుకుపోయే నీరో గాలో కావాలి. సమాచారం మబ్బుల్లో తేలుతుందన్న భావన వల్ల ఈ లెక్క ఎవరికీ గుర్తుకు రావడం లేదు. ఏ లెక్క చేయదగినది, ఏది కాదు అన్నది కూడా ధర్మవిచారంలోకి రావాల్సిన కాలమిది.

పురుషుడు ఉన్నాడని చెప్పదలచినవారు ఇక జ్ఞాపకాన్నీ ప్రతిభనూ సాక్ష్యంగా పిలవకుండా, నొప్పి నొప్పిగా, ఎరుపు ఎరుపుగా తెలిసే అనుభవం దగ్గర మొదలుపెట్టి వాదించాలి. లేడని చెప్పదలచినవారు, ఏమీ తెలియని భాగాల మధ్య ఆ తెలియడం ఎలా పుట్టిందో చూపాలి, చిప్ చేసే అద్భుతాలను చూపిస్తే చాలదు. ఈ రెండు వాదాలూ తెలుగులో, శాస్త్రం తెలిసీ దర్శనాలు చదివీ రాయగలవారు మనలో ఉన్నారు. వాళ్ళు రాయాలి.